140 సెంటీమీటర్ల గీత: ఒక సిల్వర్ డిజైర్ ఎడమ పక్కకు చేసిన మరమ్మతు

2023 ఆగస్టు రెండో వారంలో తెనాలి నుంచి ఒక విశ్రాంత అధ్యాపకుడు తన 2019 మోడల్ మారుతీ సుజుకీ డిజైర్‌ను విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు తీసుకొచ్చారు. రంగు సిల్కీ సిల్వర్. ఇంజిన్ గదిలోని ప్లేటు మీద రంగు కోడు జడ్2ఎస్ అని ఉంది. బండి ఎడమ పక్కన, ముందు తలుపు మధ్యలో వెంట్రుకంత సన్నగా మొదలైన గీత వెనక తలుపు మీదికి వచ్చేసరికి అగ్గిపుల్లంత వెడల్పై, వెనక చక్రం మీది వంపు పైన బాగా లోతుగా దిగి, క్వార్టర్ ప్యానెల్ (వెనక తలుపు తరవాత డిక్కీ దాకా ఉండే రేకు) మీద మళ్ళీ సన్నబడి ఆగిపోయింది. టేపు పెట్టి కొలిస్తే మొత్తం 140 సెంటీమీటర్లు. వాళ్ళ వీధిలో సగం తెరిచి ఉన్న ఇనుప గేటు గడియ బయటికి పొడుచుకుని ఉండగా, ఎదురుగా వస్తున్న ఆటోకు దారి ఇవ్వబోయి డ్రైవరు బండిని ఆ వైపు నొక్కాడట.

గీత పడిన రోజునే బండి మా దగ్గరికి వచ్చి ఉంటే ఈ వివరం ఇంత పొడుగు రాయాల్సిన పని ఉండేది కాదు. మధ్యలో పదహారు రోజులు గడిచాయి. మొదటి రోజు సాయంత్రమే డ్రైవరు యజమానికి తెలియకుండా గీత మీద టూత్‌పేస్టు పూసి, గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్దాడు. టూత్‌పేస్టులో ఉండే మెత్తటి రాపిడి పొడి సన్న గీతల అంచులను కొంచెం నునుపు చేసి, పేస్టు గీతలో కూరుకుపోయి, ఒకటి రెండు రోజులు గీత మాయమైనట్టే కనిపిస్తుంది. బండిని ఒకసారి కడిగితే అది మళ్ళీ బయటపడుతుంది. పీచు చేసే హాని మాత్రం కడిగితే పోయేది కాదు. ముందు తలుపు మీద రెండు అరచేతులంత మేర రంగు మసకబారి, ఎండలో సాలెగూడులా గీతలు తేలాయి. ఆ తరవాత వర్షాలు పట్టుకున్నాయి. వెనక తలుపు మీద రేకు దాకా దిగిన చోట 4 సెంటీమీటర్ల పొడవున ఎర్రటి తుప్పు గీత లేచింది.

యజమాని అప్పటికే ఇంకో చోట అంచనా వేయించుకుని వచ్చారు. రెండు తలుపులు, క్వార్టర్ ప్యానెల్, మొత్తం మూడు భాగాలకూ పూర్తి పెయింటింగ్ చేయాలని, బీమా కింద పెట్టుకోవచ్చని అక్కడ చెప్పారట. బీమా సంగతి ముందుగా కాగితం మీద లెక్క వేసి చూడమన్నాను. ఆయన పాలసీలో జీరో డెప్రిసియేషన్ (తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు రక్షణ) లేదు. మామూలు పాలసీలో పెయింటు మెటీరియల్ ఖర్చు మీద 50 శాతం తరుగుదల కోస్తారు. బిల్లులో మెటీరియల్, కూలీ విడివిడిగా చూపకపోతే మొత్తం పెయింటింగ్ ఖర్చులో 25 శాతాన్ని మెటీరియల్‌గా లెక్కిస్తారు. దాని మీద 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా యజమాని భరించాల్సిన 1000 రూపాయలు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది నో క్లెయిమ్ బోనస్. వరుసగా మూడేళ్ళు క్లెయిమ్ లేకపోవడంతో ఆయనకు ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 35 శాతం తగ్గింపు వస్తోంది, ఆ ఏడాదీ క్లెయిమ్ లేకుండా గడిస్తే 45 అవుతుంది, క్లెయిమ్ పెడితే సున్నాకు పడిపోతుంది. లెక్కలు చూసుకుని ఆయనే వద్దనుకున్నారు. ఒక్క గీత కోసం క్లెయిమ్‌కు వెళ్ళేవాళ్ళలో చాలామంది ఈ లెక్క వేసుకోరు, వేసి చూపించడం మా పనిలో భాగమని నేను అనుకుంటాను.

పరీక్ష

బండిని ముందు శుభ్రంగా కడిగి, రంగు మీద ఇరుక్కున్న మురికిని లాగే క్లే ముక్కతో ఎడమ పక్కంతా తుడిచి, గీతలో ఇరుక్కున్న టూత్‌పేస్టును మెత్తటి బ్రష్షుతో తీయించాను. మురికి మీద కొలతలు తీయడం వృథా. బీమా సర్వేయరైనా పెయింటరైనా దుమ్ము పట్టిన బండిని చూసి చెప్పే మాటకు నేను విలువ ఇవ్వను.

మొదటి పరీక్ష నీళ్ళది. గీత మీద నీళ్ళు చల్లినప్పుడు అది కనిపించకుండా పోతే, దెబ్బ పైనున్న క్లియర్ పొరలోనే ఉందని అర్థం. క్లియర్ గాజులాంటిది, దాని మీద పడ్డ గీత అంచులు వెలుతురును చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తుంది, నీళ్ళు ఆ సందును నింపగానే చెదరడం ఆగిపోతుంది. ముందు తలుపు మీద గీతలో చాలా భాగం ఇలా మాయమైంది, చివరి 6 సెంటీమీటర్లు మాత్రం పలచగా కనిపిస్తూనే ఉంది. రెండోది గోటి పరీక్ష. గోరును గీతకు అడ్డంగా లాగితే ముందు తలుపు మీద పట్టలేదు, ఆ చివరి 6 సెంటీమీటర్ల దగ్గర కొద్దిగా తగిలింది, వెనక తలుపు మీద ఠక్కున ఆగింది. గోరు అంత నమ్మకమైన సాధనమేమీ కాదు, అయితే వేలికి అలవాటు పడ్డాక అది అబద్ధం చెప్పడం తక్కువ.

మూడోది పెయింటు మందం కొలిచే గేజి. ఇనుప రేకు మీద ఇది అయస్కాంత సూత్రంతో పనిచేస్తుంది. కంపెనీలో వేసిన రంగు మొత్తం మందం ఇలాంటి బండ్ల మీద మామూలుగా 90 నుంచి 130 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్, తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ కాస్త మందంలోనే నాలుగు పొరలున్నాయి. రేకును ముంచి విద్యుత్తుతో పట్టించే తుప్పు నిరోధక పొర 20 మైక్రాన్లు, దాని మీద ప్రైమర్ 30 నుంచి 40, రంగు ఉన్న బేస్ 15 దాకా, అన్నిటి పైన క్లియర్ 35 నుంచి 45 మైక్రాన్లు అని స్థూలంగా చెప్పుకోవచ్చు. గేజి మొత్తం మందమే చెబుతుంది, ఏ పొర ఎంతో చెప్పదు. అందుకే ఒక్క అంకె పట్టుకుని కూర్చోకుండా ప్రతి భాగం మీద పది పన్నెండు చోట్ల కొలుస్తాం.

ముందు తలుపు 104 నుంచి 112 వరకు చూపింది. పీచు రుద్దిన చోట 101 దాకా దిగింది. వెనక తలుపు 106 నుంచి 114. క్వార్టర్ ప్యానెల్ దగ్గర గేజి ఒక్కసారిగా 262 చూపించింది, ఇంకో చోట 305. యజమానిని పిలిచి చూపించాను.

"మాస్టారూ, ఈ ముక్కకు ఇంతకుముందు రంగు పడిందండీ."

ఆయన కాసేపు ఆలోచించి, రెండేళ్ళ కిందట ఒక పెళ్ళి మండపం దగ్గర ఎవరో వెనక నుంచి గీకి వెళ్ళిపోతే, చేతి నుంచి డబ్బులు పెట్టుకుని ఒక వర్క్‌షాపులో చేయించుకున్న సంగతి గుర్తు చేసుకున్నారు. ఆ పని పాడుగా ఏమీ లేదు. ఎండలో పక్కకు వంగి చూస్తే మాత్రం తలుపుకంటే క్వార్టర్ ప్యానెల్ ఒక ఇసుమంత ముదురుగా కనిపిస్తోంది. రెండేళ్ళుగా రోజూ చూస్తున్నా ఆయన గమనించలేదు, ఆ పూట నేను చూపించాక ఆయన కంటికి అదే కనిపించడం మొదలైంది. ఈ విషయంలో నాకు కొంచెం అపరాధ భావం ఉంది. చూపించక తప్పదు, ఎందుకంటే మేం వేయబోయే రంగు ఆ రెండు సిల్వర్ల మధ్యలో కూర్చోవాలి.

ఎక్కడ రంగు వేయకూడదు

నాకు ముప్పై ఏళ్ళ కిందట పని నేర్పిన మేస్త్రీ ఎంత ఎక్కువ కొత్త రంగు పడితే అంత మంచి పని అనుకునేవారు. అప్పటి రంగులకు అది నప్పేది. ఇప్పుడు కంపెనీలో రేకును మొత్తంగా ముంచి, రంగును ప్లాస్టిక్ భాగాలు బిగించకముందే 140 డిగ్రీలకు అటూ ఇటూగా కాలుస్తారు. రంగు వేసి ఆరబెట్టే మా బూత్‌లో 60 డిగ్రీలు దాటనివ్వం, దాటితే దీపాలు, రబ్బరు పట్టీలు, వైర్లు పాడవుతాయి. అంత వేడిలో ఆరిన కంపెనీ రంగుతో మా రంగు గట్టిదనంలో, తుప్పును ఆపడంలో సరితూగుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. కాబట్టి ఏ బండి వచ్చినా నా మొదటి ప్రశ్న కంపెనీ రంగులో ఎంత మిగుల్చుకోగలం అన్నదే. ఆ లెక్కన ముందు తలుపుకు రంగు వేయకుండా పాలిష్‌తోనే సరిపెట్టాలని, వెనక తలుపుకు మాత్రమే రంగు వేయాలని, క్వార్టర్ ప్యానెల్ మీది సన్న గీతను పాత రిపేరు క్లియర్‌లోనే తీసేయాలని నిర్ణయించాను. మూడు భాగాల పని ఒకదానికి తగ్గింది. నా బిల్లు కూడా తగ్గింది, అది వేరే సంగతి.

ముందు తలుపు చివర ఉన్న 6 సెంటీమీటర్ల గురించి యజమానితో ముందే మాట్లాడాను. అక్కడ గీత క్లియర్ అడుగు దాకా వెళ్ళింది. దాన్ని పూర్తిగా చెరిపేయాలంటే చుట్టూ క్లియర్‌ను అంత లోతుకు అరగదీయాలి, అప్పుడు అక్కడ క్లియర్ అన్నది పేరుకే మిగులుతుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను ఆపే పదార్థం ఆ క్లియర్‌లోనే ఉంటుంది. దాన్ని పలచన చేసి అప్పగించిన బండి ఆ రోజు అద్దంలా మెరిసి, మూడు నాలుగు వేసవులకు అక్కడే తెల్లగా పొరలు లేస్తుంది. పాత బండ్ల బానెట్ల మీద, టాపుల మీద అలా పొలుసులు లేచిన క్లియర్‌ను అందరూ చూసే ఉంటారు. తలుపుకు బానెట్ అంత ఎండ తగలదన్న మాట నిజమే, అయినా 6 సెంటీమీటర్ల గీత కోసం అంత తెగింపు అనవసరం. గీత అంచులను గుండ్రం చేసి, వెలుతురు పడినా కంటికి తగలనంత మెత్తగా చేసి వదిలేస్తానని, ట్యూబులైటు కింద వెతికితే ఆనవాలు కనిపిస్తుందని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు.

ముందు తలుపు

తలుపు మధ్యలో సాగే బాడీ లైను మీద ముందుగా మాస్కింగ్ టేపు అంటించాం. ఏ అంచు మీదైనా రంగు పలచగా ఉంటుంది, బఫింగ్ మెషీను అక్కడే ఎక్కువ కొరుకుతుంది. 2000 నంబరు వాటర్ పేపరును (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ మెత్తన) సబ్బు నీళ్ళలో పావుగంట నానబెట్టి, మెత్తటి రబ్బరు దిమ్మకు చుట్టి, గీతకు ఏటవాలుగా ఒకే దిశలో రుద్దాం. పది పన్నెండు సార్లు లాగడం, తుడవడం, గేజి పెట్టడం, ఇదే వరస. రుద్దిన చోటంతా సుద్దముక్క గీసినట్టు తెల్లగా అవుతుంది. గీత మాత్రం ఆ తెలుపు మధ్యలో మెరుస్తూ నల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే పేపరు దాని అడుగును ఇంకా తాకలేదు. ఆ మెరుపు గీత సన్నబడి సన్నబడి పోయిన క్షణంలో చెయ్యి ఆపాలి. నేర్చుకునే కుర్రాళ్ళు "ఇంకో నాలుగు సార్లు" అని చెయ్యి వేసేది ఆ క్షణంలోనే, బేస్ బయటపడేదీ అప్పుడే.

తరవాత 3000 నంబరుతో మొదటి దిశకు అడ్డంగా రుద్ది, 2000 వదిలిన గాట్లను తీశాం. ఆపైన ఊలు ప్యాడ్ కాకుండా ఫోమ్ ప్యాడ్ మీద కాంపౌండు (రాపిడి ముద్ద) వేసి, రోటరీ మెషీనును తక్కువ వేగంలో తిప్పుతూ, ప్రతి విడతకూ రేకును అరచేతి వెనక వైపుతో తాకి వేడి చూసుకుంటూ వెళ్ళాం. చివరి పాలిష్‌ను తిరుగుతూనే పక్కలకూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషీనుతో చేశాం, రోటరీ వదిలే పొగలాంటి వలయాలు దానితో పోతాయి. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలిపిన నీళ్ళతో తుడిపించాను. పాలిష్‌లోని నూనె గీతలను దాచిపెడుతుంది కాబట్టి దాన్ని తుడిచాకే అసలు ఉపరితలం ఏమిటో తెలుస్తుంది. మామూలు చోట 108 ఉన్నది 103కు, పీచు రుద్దిన చోట 101 ఉన్నది 97కు వచ్చింది. గేజికే ఒకటి రెండు మైక్రాన్ల తేడా ఉంటుంది కాబట్టి సుమారుగా 5 మైక్రాన్లు పోయాయని రాసుకున్నాను. 8 దాటితే నేను మామూలుగా ఆపేస్తాను. చివరి 6 సెంటీమీటర్ల దగ్గర 3000తో మాత్రమే రుద్ది వదిలేశాం.

వెనక తలుపు: రేకు దాకా

ఇక్కడ దెబ్బ రెండు రకాలు. గీతతో పాటు గడియ నొక్కుడుకు రేకు మిల్లీమీటరు లోతున సన్నటి కాలువలా లోపలికి వెళ్ళింది. తలుపు హ్యాండిలు, అద్దం కింది రబ్బరు పట్టీ విప్పించాను. పట్టీ మీద టేపు వేసి రంగు కొట్టేసే పద్ధతి మా ఆటోనగర్‌లోనూ బాగా ఉంది. అలా కొట్టిన రంగు అంచు ఆరేడు నెలల్లో పట్టీ పక్క నుంచి గోటితో లేపితే వచ్చేస్తుంది. విప్పడానికి ముప్పావు గంట పడుతుంది, అంతే.

పేపరు పెట్టకముందే సిలికాన్, మైనం తీసే ద్రావకంతో తలుపంతా రెండు బట్టలతో తుడిపించాం, ఒకటి తడిపి తుడవడానికి, ఇంకోటి అది ఆరకముందే ఎత్తడానికి. ఈ వరస మారితే పేపరు మైనాన్ని రంగులోకి, రేకులోకి తొక్కుతుంది, ఆ తప్పు రంగు వేసేటప్పుడు చేప కళ్ళలాంటి గుంటలై బయటపడుతుంది. తుప్పు ఉన్న 4 సెంటీమీటర్ల మేర 80 నంబరు పేపరుతో తెల్లటి రేకు తేలేదాకా గీకాం. భూతద్దం పెట్టి చూస్తే రెండు చోట్ల సూది మొనంత నల్ల చుక్కలు ఇంకా ఉన్నాయి. వాటిని వదిలేస్తే ఏడాదికి బుడగ లేస్తుంది. చిన్న ముల్లులాంటి బిట్‌తో వాటిని తవ్వి తీయడానికి మా కుర్రాడికి అరగంట పట్టింది.

తరవాత 180, 320 నంబర్లతో అంచులను వాలుగా దిద్దాం. బాగా దిద్దిన అంచు చూడటానికి అందంగా ఉంటుంది. మధ్యలో తెల్లటి రేకు, దాని చుట్టూ కంపెనీ ముంపు పొర ముదురు బూడిద రంగు, ఆపైన ప్రైమర్ లేత బూడిద, ఆ తరవాత సిల్వర్, చివర మసకగా క్లియర్, కోసిన మాను మీద వలయాలు కనిపించినట్టు ఒకదాని చుట్టూ ఒకటి తేలతాయి. ప్రతి వలయం కనీసం వేలు వెడల్పు ఉండాలి. వలయాలు ఇరుకుగా ఉంటే ఎంత సర్ఫేసర్ (రంగుకు ముందు ఉపరితలాన్ని చదును చేసే పూత) వేసినా ఎండలో ఆ అంచు మెట్టు కనిపించి తీరుతుంది. 3 మిల్లీమీటర్ల వెడల్పు గీతకు 14 సెంటీమీటర్ల వెడల్పున రంగు తీశారేమిటని యజమాని అడిగింది ఇక్కడే. ఆ వలయాలు చూపించాక మళ్ళీ అడగలేదు.

తేలిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ పలచగా ఒక కోటు వేసి ఆరనిచ్చి, దాని మీద సన్న రకం పుట్టీ వేశాం. పుట్టీలో హార్డెనరు త్వరగా ఆరాలని ఎక్కువ కలపడం మన దగ్గర వానాకాలపు అలవాటు. ఎక్కువైన హార్డెనరు పైన వేసిన రంగులోంచి పసుపు మరకలా ఊరి వస్తుంది, సిల్వర్ మీద అది మరీ తెలుస్తుంది. తూకం వేసి 2 శాతమే కలిపాం. దిద్దాక సర్ఫేసర్ రెండు కోట్లు, దాని మీద నల్లటి గైడ్ పొడి, తరవాత 500 నంబరుతో రుద్దడం. పల్లంలో నల్ల పొడి మిగిలిపోతుంది కాబట్టి కంటికి అందని తేడా పట్టుబడుతుంది. ఒక చోట మిగిలింది, మళ్ళీ సర్ఫేసర్ వేశాం.

సిల్వర్

తెలుపు, నలుపు, ఎరుపు ఏదైనా ఇస్తే నేను నిశ్చింతగా నిద్రపోతాను. సిల్వర్ అనేసరికి ముందు రోజు రాత్రి నుంచే లెక్కలు వేసుకుంటాను. ఇందులో రంగు అనేది పెద్దగా ఉండదు, ఉన్నదంతా సన్నటి అల్యూమినియం రేకుల పొడి. ఆ రేకులు నేల మీద పరిచిన పళ్ళేల్లా బల్లపరుపుగా పడితే ఎదురుగా తెల్లగా, పక్క నుంచి ముదురుగా కనిపిస్తాయి. నిలువునా, అడ్డదిడ్డంగా పడితే ఆ లెక్క తిరగబడుతుంది. అంటే ఒకే డబ్బాలోని రంగు గన్ దూరం, గాలి ఒత్తిడి, థిన్నరు, కోటు తడిని బట్టి వేరే రంగు అయిపోతుంది. కోడు ప్రకారం కలిపిన డబ్బా తెచ్చి నేరుగా కొట్టేస్తే సరిపోతుందని అనుకునేవాళ్ళకు సిల్వరే గట్టిగా పాఠం చెబుతుంది.

జడ్2ఎస్ కోడుకు మిక్సింగ్ వాళ్ళ దగ్గర మూడు వేరియంట్లు ఉన్నాయి. మూడింటినీ బేస్, క్లియర్ పూర్తిగా వేసిన చేతి పలకల మీద కొట్టి, ఆరాక, బండిని బయట నీడలోకి, తరవాత ఎండలోకి తీసుకెళ్ళి, ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి పోల్చాం. మొదటిది తలుపుకు సరిపోయింది, క్వార్టర్ ప్యానెల్‌కు తెల్లగా ఉంది. మూడోది క్వార్టర్ ప్యానెల్‌కు సరిపోయి తలుపుకు ముదురైంది. రేకు దాకా దిగిన దెబ్బ తలుపు వెనక అంచుకు 20 సెంటీమీటర్లలోనే ఉంది కాబట్టి కొత్త బేస్ ఆ అంచు దాకా వెళ్ళక తప్పదు. ముందు వైపు మాత్రం 60 సెంటీమీటర్లకు పైగా చోటు ఉంది, అక్కడ కొత్త రంగును పాత రంగులోకి మెల్లగా కరిగించవచ్చు. రెండో వేరియంట్ ఈ రెండింటి మధ్య ఉంది. దానిని ఎంచుకుని, వెనక అంచు దగ్గర క్వార్టర్ ప్యానెల్‌కు దగ్గరగా, ముందుకు వచ్చేకొద్దీ కంపెనీ రంగులో కలిసేలా వేయాలనుకున్నాను. క్వార్టర్ ప్యానెల్‌కు మళ్ళీ రంగు వేసి తలుపుతో సరిచేయవచ్చు కదా అని మా తమ్ముడు అన్నాడు. చేయవచ్చు, కానీ 300 మైక్రాన్ల మీద ఇంకో 100 పేర్చితే ఆ మందం ఏ వేసవిలోనో పగులుతుంది. పాత రంగు తీసి వేయాలంటే ఖర్చు రెట్టింపు అవుతుంది.

పలకల మీద అంత బాగా వచ్చిన రంగు తలుపు మీద మొదటిసారి పాడైంది. తప్పు నాదే. ఆ రోజు మబ్బు పట్టి ఉక్కగా ఉంది. వేడికి తగ్గట్టు నిదానంగా ఆరే థిన్నరు కలిపించాను, తేమ సంగతి మరిచి రెండో కోటును ఐదు నిమిషాలకే వేయించాను. మొదటి కోటు ఇంకా తడిగా ఉండటంతో అల్యూమినియం రేకులు అందులో ఈదుకుంటూ గుంపులు గుంపులుగా పేరుకుని, తలుపు మీద పులిచారల్లాంటి మచ్చలు తేలాయి. మామూలుగా ఇలాంటప్పుడు గన్‌ను దూరం జరిపి, ఒత్తిడి తగ్గించి, పొగమంచు పడినట్టు ఒక పలచటి కోటు చల్లితే మచ్చలు సర్దుకుంటాయి. చల్లాం. బూత్ దీపాల కింద పోయినట్టే ఉంది, బయటి వెలుతురులో పక్క నుంచి చూస్తే ఉంది. ఆ మీద క్లియర్ వేసేస్తే ఇంకెప్పటికీ దిద్దలేం. తలుపును ఆ రాత్రికి ఆరనిచ్చి, పొద్దున 1000 నంబరుతో రుద్ది, పని మళ్ళీ మొదలుపెట్టాం. బేస్ ఖర్చు, ఒక రోజు, రెండూ నా లెక్కలోనే పోయాయి.

రెండోసారి కోటుకు, కోటుకు మధ్య గడియారం చూడటం మానేసి, ఉపరితలం తడి మెరుపు పూర్తిగా పోయి మసకబారిందా అని చూశాం. 1.3 మిల్లీమీటర్ల నోజిలు, 2 బార్ల ఒత్తిడి, ఒక జాన దూరం. మొదటి కోటు దెబ్బ మీద మాత్రమే, రెండోది దాన్ని దాటి, మూడోది ఇంకాస్త దాటి, ప్రతి కోటూ మునుపటి దానికంటే వెడల్పుగా. ముందు అంచు వైపు చెయ్యి తిప్పేటప్పుడు మణికట్టును బయటికి విదిల్చినట్టు తిప్పితే రంగు గీత గీసినట్టు ఆగకుండా చెదిరిపోతుంది. చివర దూరం నుంచి పొగమంచు కోటు.

క్లియర్, ఆ తరవాత

బేస్ మాత్రమే తలుపు మధ్యలో కరిగిపోయింది. క్లియర్‌ను తలుపు మొత్తానికి, అంచు నుంచి అంచు దాకా వేశాం. క్లియర్‌ను ప్యానెల్ మధ్యలో ఆపి థిన్నరుతో కలిపేస్తే డబ్బు మిగులుతుంది, ఏడాది రెండేళ్ళలో ఆ అతుకు వెంట అది లేస్తుంది. అందుకు ముందే బేస్ వెళ్ళని భాగమంతా బూడిద రంగు స్కఫ్ ప్యాడ్‌తో మెరుపు పోయేలా రుద్ది ఉంచాం, మెరుపు మీద క్లియర్ పట్టదు.

టూకే క్లియర్ (హార్డెనరు కలిపితేనే గట్టిపడే రకం) రెండు పాళ్ళకు ఒక పాలు హార్డెనరు. ఈ హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి వాసన తెలియకముందే ఊపిరితిత్తులకు చేరతాయి, ఒకసారి ఒంటికి పడకపోతే ఆపైన కొద్ది మోతాదుకే ఆయాసం పట్టుకుంటుంది. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని క్లియర్ కొట్టే పెయింటర్లు ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నారు. మా బూత్‌లోకి బయటి నుంచి గాలి వచ్చే మాస్కు లేకుండా ఎవరినీ అడుగు పెట్టనివ్వను, ఈ విషయంలో నాకు చాదస్తపు పేరుంది. రెండు కోట్లు వేసి, మధ్యలో పది నిమిషాలు ఆగి, రేకు వేడి 60 డిగ్రీలకు చేరాక అరగంట కాల్చాం. మర్నాడు రెండు చోట్ల పడ్డ దుమ్ము రేణువులను 3000తో తీసి పాలిష్ చేశాం. కొత్త తలుపు మీద గేజి 155 నుంచి 190 మధ్య, పుట్టీ ఉన్న చోట 340 చూపింది. ఈ అంకెలను రాసి యజమాని చేతికి ఇచ్చాను. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడి గేజి ఈ మాట చెప్పేలోపు ఆయనే చెప్పగలగాలి.

క్వార్టర్ ప్యానెల్ మీద గీత క్లియర్‌లోనే ఉంది, రిపేరులో వేసిన క్లియర్ మందంగా ఉంది, 2000, 3000, కాంపౌండు, పాలిష్, గంటన్నర పని.

మొత్తం ఐదు పని దినాలు పట్టింది, బిల్లు 8,500 రూపాయలు. అప్పగించేటప్పుడు నెల రోజులు వ్యాక్సు గానీ, కోటింగు గానీ వేయించవద్దని, ఆ తలుపును పొడి బట్టతో దులపవద్దని చెప్పాను. కొత్త క్లియర్ లోపలి ద్రావకాలు పూర్తిగా బయటికి పోవడానికి ఆ గడువు కావాలి. పొడి బట్ట సంగతైతే నెలకే పరిమితం కాదు, దుమ్ము మీద పొడి బట్ట అంటే వాటర్ పేపరే. బండిని ఇటు నుంచి ఇటే ఇంద్రకీలాద్రికి తీసుకెళ్ళి పూజ చేయిస్తానని ఆయన అంటే, పసుపు, కుంకుమ ఆ తలుపుకు రాయకుండా ముందు అద్దానికి పెట్టించమని, కొబ్బరి నీళ్ళు పడితే వెంటనే కడిగించమని కోరాను.

డిసెంబరులో, నాలుగు నెలలకు, బండి మళ్ళీ చూపించమని అడిగాను. తలుపు వెనక అంచును పొద్దుటి ఎండలో, తరవాత సాయంత్రపు ఎండలో చూశాను. సాయంత్రం పూట పక్క నుంచి చూస్తే క్వార్టర్ ప్యానెల్ ఇంకా ఒక వీసం ముదురుగానే ఉంది, తలుపు లోపల కొత్త రంగు ఎక్కడ మొదలైందో మాత్రం నాకే దొరకలేదు. తుప్పు తీసిన చోట బుడగ లేదు. ముందు తలుపు చివర 6 సెంటీమీటర్ల ఆనవాలు ట్యూబులైటు కింద నేను చెప్పినట్టే ఉంది. మాస్టారు దాని మీద వేలు పెట్టి, పక్కనే నిలబడ్డ డ్రైవరును చూశారు. అతను డిక్కీ తెరిచి, రెండు మైక్రోఫైబర్ బట్టలు, ఒక బకెట్టు తీసి నాకు చూపించాడు.